ఇరవయ్యారేళ్ల పెనాల్టీ

కోటేశ్వరరావు తెల్లరంగు బండి తోస్తూ పెనాల్టీ గడికి గీత గీస్తున్నాడు. అటు కొసన హొసోదా తాడు బిగించి పట్టుకుని కూర్చున్నాడు. అమెరికాలో ఇర్వింగ్ ఊళ్లోని ఆ పార్కులో ఐదేళ్లుగా ఇద్దరికీ ఇలాగే తెల్లవారుతోంది.

తెనాలి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా రిటైరై, కూతురింట్లో ఊరికే కూర్చోలేక ఆట మైదానాలకు గీతలు గీసే ఈ పనిలో చేరాడు కోటేశ్వరరావు. అరవై నాలుగేళ్లొచ్చినా మెడ నిటారుగా ఉంటుంది, గొంతు మైదానం దాటి రోడ్డు మీదికి వినిపిస్తుంది. హొసోదా పొట్టిగా, సన్నగా, ఎండకు కమిలిన మొహంతో ఉంటాడు. రోజుకు పది మాటలాడితే గొప్ప.

ఆ మనిషి ఒకప్పుడు జపాన్‌లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. 1986లో తన క్లబ్బు ఆడిన కప్పు ఫైనల్లో ఆఖరి పెనాల్టీని కుడికాలితో బయటికి కొట్టాడు. ఊరంతా దుమ్మెత్తిపోస్తే తల వంచుకుని అమెరికా వచ్చేశాడు. ఈ ఇరవయ్యారేళ్లలో మళ్లీ కుడికాలితో బంతి ముట్టలేదు.

పోయిన నెల అన్నాల వేళ సరదాపడి, కార్నర్ జెండా దగ్గర్నుంచి ఎడమకాలితో తిన్నగా గోల్లోకి పద్నాలుగు బంతులు కొట్టాడు. కోటేశ్వరరావు ఫోన్‌లో తీశాడు. తీసి ఊరుకుంటే డ్రిల్లు మాస్టరెలా అవుతాడు? “ఒకటీ! రెండూ! కాలెత్తవయ్యా, మూడూ!” అని కేకలు పెట్టాడు. కూతురు నమ్రత దాన్ని యూట్యూబ్‌లో పెడితే పదకొండు లక్షల మంది చూశారు. జపాన్ కుర్రాళ్లు “కాలెత్తవయ్యా” అని అరుస్తూ బంతులు తన్నడం మొదలుపెట్టారు. పాత క్లబ్బు కబురు పంపింది: వచ్చి మా మైదానంలో ఆ పెనాల్టీ మళ్లీ కొట్టు, ఇక్కడే ఉండి పిల్లలకు ఆట నేర్పు అని.

విమానం ఈ మధ్యాహ్నమే. తాడు చుడుతూ హొసోదా అన్నాడు, “రావ్‌సాన్, ఐ నో గో.”

“ఎందుకని? వై?”

“ఎగైన్ మిస్... ఎవ్రీబడీ సీ.”

కోటేశ్వరరావుకు, పోనీలే, ఉంటే నాకూ తోడు అన్న ఆశ పుట్టింది. పుట్టినందుకు సిగ్గుపడ్డాడు. బంతి తెచ్చి తడి ఆరని పెనాల్టీ చుక్క మీద పెట్టి, తనే గోల్లో నిలబడ్డాడు.

“ఇక్కడ నేనొక్కణ్ణే. లెఫ్ట్ కాదు, రైట్! కాలెత్తవయ్యా!”

హొసోదా చుట్టిన తాడు కింద పెట్టాడు. తర్వాత నాలుగడుగులు వేశాడు. కోటేశ్వరరావు వయసు మరిచి దూకాడు గానీ, బంతి వేళ్లకు అందకుండా వెళ్లి వలను తన్నింది. కుక్కను తిప్పుతున్న ఒకావిడ ఆగి చప్పట్లు కొట్టింది. గడ్డిలో బోర్లాపడ్డ కోటేశ్వరరావు “గోల్!” అని పార్కంతా అదిరేలా అరిచాడు. అంత సంతోషం అతనికి ఆ దేశంలో ఎన్నడూ కలగలేదు.

“ఒకటీ!” అన్నాడు హొసోదా తెలుగులో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

ఒంటిగంటకు నమ్రత కారు తెచ్చింది. హొసోదా నడుం వంచి దణ్ణం పెట్టాడు. కోటేశ్వరరావు మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. కారు వెళ్లిపోయాక తాడు కొసను మేకుకు కట్టి, నడిమి వలయం ఒక్కడే గీశాడు.

సాయంత్రం సామానంతా షెడ్లో పెట్టి తాళం వేశాడు. గోలు దగ్గరికి వెళ్లి బంతి కోసం చెయ్యి చాచాడు, తీయబుద్ధి కాలేదు. వల అడుగున బంతి అలాగే ఉంది, ఒక చెంపకు అంటుకున్న తెల్లరంగుతో.