అంతా ఆవిడకే తెలుసు

బీరువా ముందు నిలబడి, బీరువాలోని చొక్కా ఎక్కడుందని భార్యని అడగడం ఆ ఇంటాయనకి ఇరవై రెండేళ్ల అలవాటు. రెండో అర, ఎడమ పక్క అని ఆవిడ వంటింట్లోంచే చెప్పేది. అత్తగారు ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలి, కూతురి సర్టిఫికెట్లు ఏ కవర్లో ఉన్నాయి, గ్యాస్ బండ ఎప్పుడు మార్చారు, అన్నీ ఆవిడ నాలుక చివరే. "మా కోడలికి పనేముంది, అన్నీ తెలిసినవేగా" అనేవారు అత్తగారు.

నలభై ఆరేళ్లకి ఆవిడకో ఉద్యోగం దొరికింది, చెవి మిషన్లు ఉచితంగా ఇచ్చే సంస్థలో. మూడు నెలలు చూసి, పని వస్తేనే ఉంచుకుంటామన్నారు. అంతకు ముందున్న గుమాస్తా అన్నీ బుర్రలోనే పెట్టుకునేవాడట. ఆయన రిటైరయ్యాక ఎవరికి ఏ మిషన్ ఇచ్చారో తెలీక ఆఫీసు గుడ్డెద్దు చేలో పడ్డట్టయింది. అయినా ఆయన పేరెత్తితే చాలు, మహానుభావుడు, ఎంత జ్ఞాపకశక్తో అనేవాళ్లు. ఆవిడకి ఒళ్లు మండేది. అదే పని ఇంట్లో చేస్తే పనేముంది అన్నారే!

డేటాబేస్ నేర్పడానికొచ్చిన పిల్లది కూతురి వయసు. ఒక్కో మనిషికి ఒక్క నంబరు, ఒక్క వరస. మిషన్ ఇచ్చిన తేదీ ఒక గడిలో, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ ఇంకో గడిలో. ఇదంతా ఆవిడకి నల్లేరు మీద నడకే. చిక్కల్లా ఆ నోటితోనే. ఈ నెల ఎవరెవరు రావాలండీ అని మేనేజరు అడిగితే, కంప్యూటర్ తెరిచే లోపే పదిహేడు మందినీ గడగడా చెప్పేసింది. మేనేజరు మురిసిపోయాడు, పిల్ల తల పట్టుకుంది.

"మీరు చెప్పకండాంటీ, దాన్ని అడగండి. మీరు రాని రోజున కూడా ఆఫీసు నడిస్తేనే మీకు పని వచ్చినట్టు."

సరే చూద్దామని అడిగింది. అది పంతొమ్మిది చూపించింది. మర్చిపోయిన ఇద్దరిలో ఒకామె బడి పంతులమ్మ. ఫోన్ చేస్తే ఆమె చెల్లెలు ఎత్తింది. మిషన్ పాడై, పిల్లల మాట వినపడక అక్క బడి మానేసి ఇంట్లో కూర్చుందట. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు నుంచి బుర్రలో ఉన్నదంతా గడుల్లోకి దింపేసింది. తల అంత తేలికవుతుందని ఆవిడ అనుకోనే లేదు.

మూడో నెలాఖరున మేనేజరు పరీక్ష పెట్టాడు. శుక్రవారం మీరు రావద్దు, మేమే నడుపుకుంటాం అన్నాడు. ఆ రోజంతా కూరలు తరుగుతూ ఫోన్ వంకే చూసింది. ఒక్కసారీ మోగలేదు. సాయంత్రం మేనేజరే చేశాడు.

"మీరు లేని లోటే తెలీలేదండీ. సోమవారం నుంచి ఉద్యోగం ఖాయం."

ఇంత తియ్యటి మెచ్చుకోలు ఆవిడ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. భోజనాల దగ్గర ఆ కబురు చెప్పి, ఇకనుంచి నెలకో రోజు జీతంతో సెలవు కూడా ఉందంది. ఇంటాయన మొహం వెలిగిపోయింది.

"ఇంకేం, ఆ రోజు హాయిగా ఇంట్లో ఉంటావన్నమాట."

ఆవిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"లేదండీ, ఆ రోజు ఇంటికి కూడా సెలవు పెడుతున్నా."