తలుపు తట్టిన మనిషి

కుక్కపిల్లలనైనా ఒకచోట కూర్చోబెట్టవచ్చు గానీ, ఓడ దిగిన టూరిస్టులను కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. ఒకరు తిమింగలం ఎముక చూసి ఆగిపోతారు, మరొకరు ఆరేసిన చేపలను ఫొటోలు తీస్తూ ఉండిపోతారు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, ఎల్స్‌మీర్ దీవిలోని ఆ చిన్న ఊరికి ఊలూటీ గైడు. చెత్తకుప్ప దగ్గర తెల్ల ఎలుగు తిరుగుతోందని రేడియోలో వినగానే ఆమె అందరినీ బడి హాలులోకి తోలింది. తీరా చూస్తే గ్వెన్ అనే పెద్దావిడ లేదు.

ఊలూటీ తుపాకీ భుజాన వేసుకుని పరుగెత్తింది.

"ఎర్ర కోటు ముసలావిడేనా? పై వీధికి పోయింది," అన్నాడు బండి మీద ఎదురొచ్చిన జూసిపీ. "ఎలుగుతో ఫొటో దిగుతుందేమో."

"నీ సరసం తగలెయ్య, పోయి ఆ ఎలుగును తరుము."

పై వీధిలో చివరి ఇల్లు ఊలూటీ తల్లిది. ఆ గుమ్మంలో నిలబడి గ్వెన్ తలుపు తడుతోంది. కాసేపు ఆగుతోంది, మళ్లీ తడుతోంది. ఇంటి వెనక మిట్ట మీద ఎలుగు మూతి పైకెత్తి గాలి వాసన చూస్తోంది. ఊలూటీ ఒక్క ఉదుటున తలుపు తోసి ఆవిడను లోపలికి లాగేసింది. కిటికీలోంచి చూస్తే జూసిపీ బండి మోతకు బెదిరి ఎలుగు సముద్రం వైపు పోతోంది. అమ్మయ్య అనుకుంది.

"తోసుకుని రావచ్చు కదా మేడమ్. ఇక్కడ ఏ తలుపుకూ గడియ పెట్టం."

"పరాయివాళ్ల ఇల్లు కదమ్మా. అడక్కుండా ఎలా వస్తాను?"

"మా ఊళ్లో తలుపు తట్టేది పోలీసాయన ఒక్కడే."

తల్లి నేల మీద చేప ముందు కూర్చుని ఉంది. చేతిలో కత్తి ఉంది గానీ ముక్క కూడా కోయలేదు.

"ఏమే అమ్మా, చెవుడొచ్చిందా? ఆవిడ అంతసేపు కొడుతుంటే తీయవేం?"

"వినబడింది."

"మరి?"

"ఎలుగు దిగిందన్నారు. నువ్వేమో బయట ఉన్నావు. అంతలో తలుపు చప్పుడైంది." తల్లి చేప వైపే చూస్తోంది. "పోలీసు ఎలాంటి కబురు తెస్తాడో తెలీదా? తీస్తే చెప్పేస్తాడు. తీయనంతసేపూ నువ్వున్నట్టే కదా అని కూర్చున్నా."

ఊలూటీ తుపాకీ గోడకు ఆనించి తల్లి పక్కన కూలబడింది. తల్లి కత్తి పక్కన పెట్టి, చేపనీళ్ల చేతులతోనే కూతురి మొహం పట్టుకుని, బుగ్గకు ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చింది. చాలక రెండో బుగ్గ కూడా పీల్చింది.