దయాకుమారి ఉతికిన నీడ

పిల్లలూ, మీరంతా ఇక్కడే, ఈ దుబాయ్‌లోనే పుట్టినవాళ్లు. మన గుడి ఆవరణలోని రాతిసిలువకి నీడ ఎందుకు పడదో మీకెవరూ చెప్పుండరు. వినండి.

ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఏ దేశపు గుడి ముందరో చెక్కిన సిలువ అది. ఎలాగో ఓడెక్కి దుబాయ్ వచ్చింది. రాయి అరిగిపోయింది గానీ నీడ మాత్రం బావిగట్టులా చల్లగా ఉండేది. జ్వరమొస్తే జనం ఆ నీడని దుప్పటిలా మడిచి ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు, తగ్గాక తెచ్చి పరిచేవాళ్లు. వరస చూసేది కాపలా ఉండే జోసఫ్.

కరోనా రెండో ఏడు, ఆగస్టు. పక్కనున్న అజ్మాన్‌లో ఉండే నర్సు దయాకుమారి రోజూలాగే డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు బయట వదిలి, తాళంచెవులు కూడా కడిగి లోపలికెళ్లేసరికి కూతురు స్వీటీ ఒళ్లు కాలిపోతోంది. బిల్డింగులో కరెంటు లేదు. మందులు పనిచెయ్యలేదు. తను పనిచేసే ఆసుపత్రిలోనే మంచం దొరకలేదు. చివరికి పిల్ల అమ్మని గుర్తుపట్టడం మానేసింది. దయ భర్త దేవరాజు పరుగున వెళ్లి నీడ తెచ్చాడు.

"ఆదివారానికి ఇచ్చెయ్యాలంట. మన తర్వాత ఐకాడ్ కూలీల క్యాంపు వాళ్లున్నారంట."

"ఎంతమంది కప్పుకున్నారో ఏమో!" అంటూ దయ బకెట్లో సబ్బు కలిపింది.

"నీడని ఉతుకుతావేంటే? రేపు సిలువక్కూడా మాస్కు కడతావా?"

"మీరూరుకోండి. ఉన్న జ్వరం చాలక ఇంకోటి అంటితే?"

రెండుసార్లు జాడించి పిండింది. నీళ్లు నల్లబడ్డాయి. చేతిలో మిగిలింది జేబురుమాలంత.

"నా చేతుల్తో నేనే..." దయ గోడకేసి తల కొట్టుకుంది.

దేవరాజు ఆ ముక్కే పిల్ల నుదుటిమీద వేశాడు. అది చెంపల దాకా కూడా రాలేదు. పిల్లకి ఎగశ్వాస మొదలైంది. అప్పుడు దయ, తాళంచెవులు కడిగే దయ, ఊరందరూ కప్పుకున్న నీడ వదిలిన ఆ మురికినీళ్లని చెంబుతో ముంచి కూతురికి తలనుంచి పాదాల దాకా పోసింది. బకెట్ ఖాళీ అయ్యేదాకా పోసింది.

తెల్లారేసరికి స్వీటీ "అమ్మా, ఆకలి" అంది. లేచి కిటికీ దగ్గర నిలబడితే గోడమీద నీడ పడింది. పిల్ల చేతులు కిందికే ఉన్నాయి. నీడ మాత్రం రెండు చేతులూ చాపుకుని ఉంది.

ఆదివారం దయ కూతుర్ని జోసఫ్ ముందు నిలబెట్టింది. "తెచ్చేశానన్నా. విప్పితే రావట్లేదు."

జోసఫ్ చూశాడు. "అయితే పాపనే పదమను. యల్లా, తొందరగా. క్యాంపు వాళ్లు ఎదురుచూస్తున్నారు."

దయకి కూతురి చెయ్యి వదలడానికి చాలాసేపు పట్టింది.

అప్పట్నుంచీ స్వీటీ సెలవులకి కూడా ఊరెళ్లలేదు. ఎవరికి జ్వరమొచ్చినా వాళ్ల మంచం పక్కన నిలబడుతుంది. తల్లి బయట మెట్లమీద సబ్బు పట్టుకుని కూర్చుంటుంది.

ఈ కథ మీ తోటివాళ్లకీ చెప్పండి. స్వీటీ వచ్చినప్పుడు ముందు ఓ కుర్చీ వెయ్యమని కూడా చెప్పండి.