పత్తిలో దాచిన రాగి

హైస్కూల్లో సైన్సు చెప్పే ప్రసన్నకుమార్‌కి బడి వదిలితే పెరట్లోని రేకుల షెడ్డే లోకం. అక్కడ ప్లాస్టిక్ గొట్టానికి వెంట్రుకంత సన్నని రాగితీగ ఒద్దికగా చుడతాడు, దాన్ని నూనెలో ముంచుతాడు, కరెంటు పెట్టి రెండు కడ్డీల మధ్య ఊదారంగు మెరుపు పుట్టిస్తాడు. హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ అంటాడు. ఎందుకండీ ఇదంతా అని భార్య హెలెన్ అడిగితే "చూడ్డానికి" అంటాడు. దాంతో బల్బు వెలగదు, ఫ్యాను తిరగదు. మగవాళ్లు పేకాటకి పోవడం ఆమెకి అర్థమవుతుంది గానీ, ఇంట్లో పిడుగుని పెంచుకోవడమేమిటో బొత్తిగా అర్థం కాదు. కిందటి నెల ఈ విషయం మీద ఇల్లు ఎగిరిపోయేంత గొడవైంది. మానేస్తానని మాటిచ్చాడు.

ఈ రోజు ఉతకడానికి తీసిన చొక్కాకి మళ్లీ అదే నూనె వాసన.

వాసన సంగతి అలా ఉంచితే, పొద్దున్నుంచి ఊరు ఊరంతా గగ్గోలుగా ఉంది. వెంకటనారాయణ మిరపచేను గట్టున ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ని దొంగలు రాత్రికి రాత్రి కింద పడేసి, నూనె పారబోసి, లోపలి రాగితీగంతా లాక్కుపోయారు. తోట నిండు పూత మీదుంది. కొత్తది వచ్చేదాకా మోటార్లు తిరగవు.

నిన్న సాయంత్రం ప్రసన్న చర్చి కమిటీ మీటింగని చెప్పి వెళ్లి, బాగా పొద్దుపోయాక వచ్చాడు. కుళాయి దగ్గర పాస్టరు గారి భార్య జయకుమారి కనబడితే హెలెన్ మాటవరసకి కదిపింది.

"మీటింగా? మా ఆయన నిన్నంతా ఒంగోల్లోనే ఉన్నారు కదమ్మా!" అంది జయకుమారి.

హెలెన్ బిందె సగంలోనే తీసేసి ఇంటికొచ్చింది. నేరుగా షెడ్డులోకి వెళ్లింది. మూల గోనెపట్టా కింద నిగనిగలాడుతూ కొత్త రాగితీగ, పెద్ద చుట్ట. పక్కనే నూనె డబ్బా. సన్నదో లావుదో ఆమెకేం తెలుసు, రాగి రాగే. పిల్లలకి నీతులు చెప్పే మనిషి, ఆదివారం ప్రార్థనలో ముందు వరసలో నిలబడే మనిషి! ఎంత అసహ్యం వేసిందో అంత భయమూ వేసింది. భయమే గెలిచింది.

ముందుగదిలో ఏరిన పత్తి నడుమెత్తు కుప్పగా ఉంది. పత్తి తీసే రోజుల్లో ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అంతే, అమ్మేదాకా మనుషులు గోడవారగా సర్దుకుని పత్తికి చోటిస్తారు. హెలెన్ ఆ చుట్టని మోసుకొచ్చి కుప్ప అడుక్కంటా తోసి, పైన పత్తి కప్పేసింది. మధ్యాహ్నం భోజనానికొచ్చిన భర్తకి అన్నం పెట్టింది. మొహం మాత్రం చూడలేదు.

సాయంత్రం వెంకటనారాయణ ఇద్దరు రైతుల్ని వెంటబెట్టుకుని రానే వచ్చాడు.

"మాస్టారూ, మిమ్మల్ని అనుమానించి కాదు. ఊళ్లో తలొక మాటా అంటన్నారు. ఆ షెడ్డు ఒక్కసారి చూపిస్తే నా మనసు కుదుటపడుద్ది."

"దానికేం, రండి," అన్నాడు ప్రసన్న ఉత్సాహంగా. "ట్రాన్స్‌ఫార్మర్ తీగకి కాగితం చుట్టి ఉంటుంది. నా తీగకి ఉండదు. పైగా దారంలా సన్నం. చూస్తే మీకే తెలుస్తుంది."

"నిజమే, చేలో అంతా ఆ కాగితం పేలికలే," అన్నాడు వెంకటనారాయణ.

గుమ్మంలో నిలబడ్డ హెలెన్ ఆ మాట విని పత్తికుప్ప వైపు చూసింది. ఏం పని చేశాను దేవుడా అనుకుంది.

ప్రసన్న గోనెపట్టా ఎత్తాడు. కింద నేల తప్ప ఏమీ లేదు. "నిన్న ఇక్కడే..." అంటూ పిచ్చివాడిలా షెడ్డంతా వెతికాడు. రైతుల్లో ఒకడు నవ్వాడు. "మనమొస్తామని ముందే సర్దేశాడు బాబాయ్. ఇంకా చూసేదేముంది, స్టేషన్‌కి పోదాం పద."

నోరు మూసుకుంటే మొగుడు దొంగ. నోరు తెరిస్తే, కట్టుకున్నదే అతన్ని దొంగ అనుకుందని నలుగురిలో తేలిపోతుంది. హెలెన్ పెరట్లోకి దిగింది.

"ఆగండి బాబాయి గారూ. తీసింది నేను. ఆయనకి తెలీదు. దొంగసొత్తనుకుని పత్తిలో దాచాను."

ఆమే లోపలికెళ్లి కుప్ప తవ్వి తెచ్చింది. వెంకటనారాయణ తీగని వేళ్ల మధ్య రాసి చూశాడు. "ఇది మాది కాదు. ఏమనుకోకండి మాస్టారూ," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ప్రసన్న వైపు జాలిగా చూశాడు. ఆ జాలి చూసి హెలెన్‌కి ఏడుపొచ్చింది.

ప్రసన్న అరుగు మీద కూర్చుని తీగకి అంటుకున్న పత్తి ఒక్కొక్క పోగే తీశాడు.

"పర్చూరులో మోటార్లకి తీగ చుట్టే సిలార్ షాపుకెళ్లి తెచ్చుకున్నాను. అరుస్తావని మీటింగన్నాను," అన్నాడు. "ఊరి సంగతి వదిలెయ్యి. నువ్వు నన్నొక్క మాట అడగొచ్చుగా హెలెన్?"

ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామనుకుంది. ఆమె వల్ల కాలేదు.

"అడిగితే నిజం చెప్తారన్న నమ్మకం లేక," అంది.

కోపంతో అన్న మాట కాదది, ఉన్న మాట. ప్రసన్న తల వంచుకుని తీగలో మిగిలిన పత్తి ఏరసాగాడు.