సుబ్బమ్మ చెప్పిందాకా

ఆత్రేయపురంలో సుబ్బమ్మ పొయ్యి తెల్లారకుండానే రాజుకుంటుంది. బోర్లించిన కుండ వేడెక్కాక, పల్చటి గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి కుండ మీద ఇలా లాగుతుంది. మిగతా ఆడవాళ్ళకైతే పూతరేకు క్షణంలో ఎండి, తీసేలోగా చిట్లుతుంది. సుబ్బమ్మకు ఆ బెంగ లేదు. "ఆగండర్రా" అంటే జావ తడిగానే ఆగుతుంది. కొంగు సర్దుకుని, పక్కింటావిడతో రెండు ముక్కలు మాట్లాడి, "ఊఁ, కట్టండి" అంటే అప్పుడు రేకు కడుతుంది. ఊళ్ళో ఇదేమీ వింత కాదు. నెయ్యి పూస కట్టకపోతే గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెడతారు. పెళ్ళింట్లో పాకం ముదిరిపోతోందంటే కబురు చేస్తారు.

ఆవిడ కూతురు నాగదుర్గ కొత్తపేట దారిలో ఉన్న ఒక ఇంజినీరింగు కాలేజీలో సోలార్ బిళ్ళల మీద పరిశోధన చేస్తోంది. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని ద్రావణంగా కలిపి, గాజు బిళ్ళ మీద పల్చగా పరిచి, వేడి పలక మీద పెట్టాలి. పసుప్పచ్చటి తడి ఆరుతూ నల్లటి స్ఫటికాలవుతుంది. అవి నిదానంగా, పెద్దగా పెరిగితే ఎండ కరెంటవుతుంది. తొందరపడి చిన్నచిన్నగా గుంపులు కట్టాయా, సందుల్లోనే సగం కరెంటు పోతుంది. కోనసీమ గాలిలో తేమ సంగతి చెప్పేదేముంది, వడియాలే ఓ పట్టాన ఆరవు. రెండేళ్ళపాటు నాగదుర్గ చేసిన బిళ్ళలన్నీ మచ్చలు మచ్చలుగా వచ్చాయి.

ఓరోజు క్యారేజీ ఇవ్వడానికొచ్చిన సుబ్బమ్మ కాసేపు చూసి, "మా రేకు పనేనే ఇది. నువ్వు మరీ తొందర పెడుతున్నావు" అని, బిళ్ళ వైపు తిరిగి "ఆగండర్రా" అంది. ఆగాయి. కాసేపయ్యాక "ఊఁ, కట్టండి" అంది. బిళ్ళ అద్దంలా నల్లగా మెరిసింది. అప్పట్నుంచి ఆవిడ రేకుల పని తెమల్చుకుని పది గంటల బస్సెక్కి రావడం, ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చోవడం అలవాటైంది.

ఓసారి యూనివర్సిటీ నుంచి రామ్మూర్తి గారు చూడ్డానికొచ్చారు. ప్రాజెక్టు మంజూరు చెయ్యాలా వద్దా, నాగదుర్గ ఉద్యోగం ఖాయం చెయ్యాలా వద్దా తేల్చే కమిటీకి ఆయనే పెద్ద. స్టూలు మీదున్న సుబ్బమ్మనీ, ఆవిడ జాకెట్టు మీద ఎండిన పిండి మరకల్నీ చూసి, "ఈవిడెవరండి?" అన్నారు.

"ఊడ్చే ఆవిడండి," అంది నాగదుర్గ.

ఎందుకలా అందో ఆ పిల్లకే తెలీదని సర్దిచెప్పొచ్చు. కానీ తెలుసు. అంత పెద్దమనిషి ముందు ఆ పిండి మరకలకు సిగ్గుపడింది. సుబ్బమ్మ ఒక్క క్షణం కూతురి వంక చూసింది. తర్వాత స్టూలు మీంచి లేచి, మూలనున్న చీపురు తీసుకుని నిజంగానే ఊడవడం మొదలెట్టింది. కూతురి మాట అబద్ధం కాకూడదని ఆవిడ తాపత్రయం. నాగదుర్గకు చెవులు భగభగమన్నాయి. అయినా ఆయనకు బిళ్ళలు చూపిస్తూనే ఉంది.

తిరిగెళ్ళే బస్సులో తప్పయిపోయిందని చెప్పాలని రావులపాలెం దాకా అనుకుంటూనే ఉంది. అక్కడ బస్సు ఆగగానే సుబ్బమ్మ, "జాంకాయలు కొననా, తింటావా?" అనడిగింది. నాగదుర్గ కొనమని మాత్రమే అంది. ఆ తర్వాత బయటివాళ్ళెవరొచ్చినా సుబ్బమ్మ చీపురు పట్టుకునేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాగదుర్గ సిగ్గుతో చచ్చిపోయేది.

మరుసటి నెల కమిటీ రోజున రామ్మూర్తి గారితో కలిపి నలుగురొచ్చారు. బిళ్ళ వేడి పలక మీదకెక్కింది. మూల వంగి ఊడుస్తూనే సుబ్బమ్మ "ఆగండర్రా" అని గొణిగింది. ద్రావణం ఆగింది. సరిగ్గా అప్పుడే రామ్మూర్తి గారు తుమ్మారు.

"దుమ్ము లేస్తోందమ్మా. ఆ ఊడ్చే ఆవిణ్ణి కాసేపు బయటికి పంపు."

"ఆయ్, వెళ్తానండి," అని సుబ్బమ్మ తనే చీపురుతో సహా వెళ్ళిపోయింది.

ఐదు నిమిషాలైంది, పదైంది. బిళ్ళ పచ్చగానే ఉంది. నాగదుర్గ వేడి పెంచింది. అయినా పచ్చగానే ఉంది. వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రామ్మూర్తి గారు కాగితాలు సర్దుకుంటూ, "ఇవాళ కుదిరేలా లేదమ్మా," అన్నారు. వరండాలోంచి చీపురు చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

నాగదుర్గ బయటికెళ్ళింది.

"అమ్మా, లోపలికి రా."

"వాళ్ళున్నారు కదే. ఆ కిటికీ కాస్త తియ్యి, ఇక్కణ్ణుంచే చెప్తాను. ఎవరికీ తెలీదు."

కిటికీ తీస్తే సరిపోయేది. ఉద్యోగమూ దక్కేది, పరువూ దక్కేది. నాగదుర్గ కిటికీ వంక చూసింది కూడా, అది నేను దాచను. తర్వాత తల్లి చేతిలో చీపురు లాక్కుని గోడకి ఆనించి, ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"ఈవిడ మా అమ్మండి. పోయిన నెల మీకు అబద్ధం చెప్పేను. ఈ బిళ్ళలన్నీ ఈవిడ మాట మీదే కట్టినవండి. రిపోర్టులో ఎక్కడా ఈవిడ పేరు రాయలేదు." తలెత్తకుండానే చెప్పింది.

రామ్మూర్తి గారు స్టూలు తనే జరిపి, "కూర్చుని చెప్పండమ్మా," అన్నారు.

"ఊఁ, కట్టండి," అంది సుబ్బమ్మ.

బిళ్ళ నల్లబడింది. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలన్నీ అందులో కనబడ్డాయి. తన మొహం చూడలేక నాగదుర్గ పక్కకి తిరిగింది. సుబ్బమ్మ మాటకి స్ఫటికాలెలా ఆగుతాయని ఎవరూ అడగలేదు. రామ్మూర్తి గారు అడిగింది ఒక్కటే: "పని ఆవిడదైతే నీ ఒక్కదాని పేరే ఎలా రాసుకున్నావమ్మా?"

నెల తిరిగేసరికి ఆర్డరొచ్చింది. ప్రాజెక్టు మంజూరైంది. స్ఫటికాల పని చూసే ఉద్యోగం సుబ్బమ్మ పేరున వచ్చింది. నాగదుర్గ ఆవిడ కింద సహాయకురాలు, అదీ ఏడాదికే.

సుబ్బమ్మకు సంతకం తప్ప రాయడం రాదు. చేరేరోజున ఫారం నాగదుర్గే నింపింది. పేరు, ఊరు, వయసు రాసింది. ఆ కింద గడి పైకి చదివింది: "ఈ సంస్థలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా?"

సుబ్బమ్మ అటూ ఇటూ చూసి, కూతురికి మాత్రమే వినబడేలా అడిగింది.

"ఉన్నారని రాయొచ్చా దుర్గా? నీకేం ఇబ్బంది లేదు కదా?"

కాగితం మసకబారింది. తడుముకుంటూనే నాగదుర్గ ఆ గడిలో 'కూతురు' అని రాసింది.