బల్ల ఆదివారం

ప్రభువు కడరాత్రి శిష్యులతో కూర్చుని రొట్టె విరిచాడు కదా, ఆ రొట్టె ఎవరు కాల్చారు? ఈ అనుమానం నాకు పెళ్ళయిన కొత్తలో వచ్చింది, ఇప్పటిదాకా పోలేదు. ఇద్దరు శిష్యులను ముందుగా పంపి విందు సిద్ధం చేయమన్నాడని వాక్యంలో ఉంది. సిద్ధం చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. పిండి జల్లించాలి, పొయ్యిలో కట్టెలు ఎగదోయాలి, పెనం ముందు కూర్చోవాలి, అందరూ తిని లేచాక గిన్నెలు తోమాలి. పేతురూ యోహానూ అవన్నీ చేశారా, లేక ఆ మేడగది ఇచ్చినాయన భార్య చేసిందా? ఒకసారి మా ఆయన్ని అడిగాను. ఆయన పేరు యెహోషువ, మిషను బడిలో పంతులు, మా సంఘానికి పెద్ద. చొక్కా గుండీలు పెట్టుకుంటూ నావైపు చూడకుండానే, "వండినోళ్ళ పేరు రాయలేదంటే మన రక్షణకు అది అక్కరలేదనేగదా" అన్నారు. మంచి జవాబే అనిపించింది. చాలా ఏళ్ళు దాన్ని నమ్మాను.

మా సంఘానికి రొట్టె కాల్చేది నేనే. తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది మా మాలపల్లె. నెలకొకసారి నెల్లూరు నుంచి పాస్టరుగారు బస్సులో వచ్చి, రొట్టె, ద్రాక్షరసం పంచి సంస్కారం ఇస్తారు. ఆ రోజును మేం బల్ల ఆదివారం అంటాం. ముందు రోజు పొద్దున్నే ఎండు ద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పిసికి, పలచటి గుడ్డలో వడగట్టి రసం తీస్తాను. గోధుమపిండి పులవకుండా అప్పటికప్పుడు కలిపి రొట్టె కాలుస్తాను. మా అత్త గడపలో కూర్చుని, "ఏమ్మే కుమారీ, దేవుడి పని, చేతులు కడుక్కున్నావా?" అని నా పెళ్ళినాటి నుంచీ అడుగుతూనే ఉంది. ఇంట్లో ఉడికే ప్రతి అన్నానికీ ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి ప్రభువు కుండలో వేస్తాం, ఆడవాళ్ళందరమూ. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున ఆ గుప్పెడు మా కంచంలోంచే పోతుంది. గుడి కప్పుకు తాటాకు మార్చింది ఆ బియ్యంతోనే. సంఘం కూటంలో దాన్ని "పెద్దలు సమకూర్చినది" అని చదివారు. మేం వెనక చాపమీద కూర్చుని ఆమేన్ అన్నాం. ఆడవాళ్ళకు కూటంలో ఆ మాట ఒక్కటే ఉంది.

బల్ల దగ్గర వరస ఉంటుంది. ముందు మగవాళ్ళు, తరువాత మేము, చిట్టచివర గుమ్మం బయట నాగులమ్మ.

నాగులమ్మది కాలవ అవతలి మాదిగపల్లె. ఆమె మంత్రసాని. మా పల్లెలో సగంమంది బిడ్డలు ముందు పడింది ఆమె చేతుల్లోనే. ఆ పల్లె నుంచి ప్రభువును నమ్ముకున్నది ఆమె ఒక్కతే. కాలవలో బాప్తిస్మం ఇచ్చిన రోజున పాస్టరుగారు కృపమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతో మాలో ఎవరూ పిలవలేదు. ఆమె వంతు వచ్చేసరికి మా ఆయన గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళేవారు. ఆమె దోసిలి పట్టేది. గిన్నె తగలకుండా కొంచెం ఎత్తు నుంచి ఆ దోసిట్లో ద్రాక్షరసం పోసేవారు. చుక్క కింద పడనీయకుండా తాగి, తడి చేతులు తలకు రాసుకుని ఆమె వెళ్ళిపోయేది.

ఊళ్ళో రెడ్డిగారి పెరట్లో మా ఆయనకు మంచినీళ్ళు పోసేది కూడా అట్లాగే. రెడ్డిగారి పిల్లలకు లెక్కలు చెప్పే పంతులైనా సరే, దోసిలి పట్టాల్సిందే. ఆ ఇంటికి వెళ్ళి వచ్చిన రోజున ఆయన అన్నానికి ముందు చాలాసేపు చేతులు కడుక్కుంటారు. నేను నీళ్ళు పోస్తూ నిలబడతాను. ఒకసారి ఆ నీళ్ళు పోస్తూనే అడిగాను, మనం నాగులమ్మకు చేసేది మాత్రం ఏమిటని.

"అది వేరు. రెడ్డిగారోళ్ళు వాక్యం ఎరగరు. తెలీక చేస్తారు."

"మరి మనం తెలిసి చేస్తున్నామా?"

ఆయనకు కోపం రాలేదు. "రొట్టె నీలాగా కాల్చేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. అది చాల్దా నీకు?" అని నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది.

పందొమ్మిది వందల అరవై అయిదు ఈస్టరుకు పాస్టరుగారికి జ్వరం వచ్చి, ఆయన బదులు ఒక కుర్ర పాస్టరు వచ్చాడు. మా పద్ధతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇట్లాంటిది చెప్పాల్సి వస్తుందని ఎవరికీ తోచలేదు. ఆయన గిన్నె తానే తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. నాగులమ్మ అలవాటుగా దోసిలి పట్టింది. ఆయన ఆ దోసిట్లో గిన్నే పెట్టాడు. ఆమె మా ఆయనవైపు చూసింది, తరువాత నావైపు చూసింది. రెండు చేతులా గిన్నె పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగింది. పాడుతున్న పాట మధ్యలో ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం పెద్దలందరూ మా పంచలో కూర్చున్నారు. కుర్ర పాస్టరును ఒక్క మాట అనలేదు, గౌరవంగా బస్సెక్కించి వచ్చారు. గిన్నె మాత్రం నా ముందు పెట్టారు. చింతపండుతో తోమమన్నారు, బూడిదతో తోమమన్నారు, ఆపైన నిప్పులమీద కాల్చమన్నారు. నేను తోముతుంటే మా అత్త పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు అందించింది.

"మీ అబ్బాయికి పురుడు పోసింది ఆమే కదత్తా. ఆ చెయ్యి బిడ్డను పట్టుకోవచ్చు గాని గిన్నె పట్టుకోకూడదా?"

"పురుడంటేనే మైల. దానికి ఎవురి చెయ్యైతే ఏంది? బల్ల అట్టా కాదు."

ముగ్గురు బిడ్డలను మోసిన నా కడుపు ఏ చెయ్యైనా తాకదగ్గ మైల అన్నమాట. గిన్నె తళతళలాడేదాకా తోమాను. పంచలో పెద్దలు ఒక నిర్ణయానికి వచ్చారు. మాదిగపల్లెలో వాళ్ళకు విడిగా కూటం పెట్టి, బల్ల అక్కడే ఇస్తారట. అందాకా నాగులమ్మ ఆగాలి. ఆ కూటం పెట్టలేదు. ఒక్క మనిషికి కూటమేమిటి? మామూలు ఆదివారాల్లో ఆమె వచ్చి బయట కూర్చుని వాక్యం వినేది. బల్ల ఆదివారం తుమ్మచెట్టు కింద నిలబడి, మేం గిన్నె దాకా వచ్చేసరికి కొంగు నెత్తిన కప్పుకుని కాలవవైపు నడిచి వెళ్ళేది. కొన్నాళ్ళకు రావడమే మానేసింది.

వానలు మొదలైనాక ఆమె మొగుడు చిన్నపోలయ్య మా పెరటి కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మా ఆడది లేవడంల్యా. గంజి కూడా సరింగా దిగడంల్యా. ఆ రొట్టె ముక్క అడగతా ఉండాది. మీతో చెప్పమన్నది."

ఆ మాట మా ఆయనతో చెప్పాను. ఆయన చేతిలో బలపం తిప్పారు. "పాస్టరుగారు రావాల. పెద్దలు ఒప్పుకోవాల" అన్నారు.

"అందాకా ఆమె ఉంటుందా?"

"కుమారీ, నేను గిన్నె పట్టుకుని ఆ పల్లెకు పోతే వచ్చే వారానికి గుడి సగం ఖాళీ. ఊళ్ళో నేనెవుర్ని? ఆ గుడిలోనేగదా నన్ను పెద్దా అని పిలిచేది."

ఆయన మీద నాకు జాలి కలిగింది, ఇప్పుడూ ఉంది. కాని ఆ పెద్దరికం నిలబడడానికి ఒక ముసలామె ఆ రొట్టె ముక్క కోసం ఆకలితో చావాలా అన్నది మాత్రం అడగలేకపోయాను. తరువాతి బల్ల ఆదివారం పాస్టరుగారు వచ్చారు, విన్నారు, పెద్దల మనసెట్లా ఉంటే అట్లా చేద్దామన్నారు, భోంచేసి బస్సెక్కారు. పప్పు బాగుందని నాకు చెప్పి మరీ వెళ్ళారు.

ఆ వారమంతా నాకు యాభై ఎనిమిదిలోని ఒక వాన గుర్తొస్తూ ఉంది. మా ఆయన అప్పుడు నెల్లూరులో ఉన్నారు. నాకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. నాగులమ్మ నడుంలోతు నీళ్ళలో కాలవ దాటి వచ్చింది. బిడ్డ ఏడవలేదు. మా అత్త చూసి, "ఆడపిల్లేలే" అని పక్కకు తిరిగింది. నాగులమ్మ బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, ఒకసారి నా చేతికిచ్చి, తీసుకుంది. తరువాత నా తల ఒళ్ళో పెట్టుకుని చెంబుతో నీళ్ళు తాగించింది. నేను సగం తాగాను. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, ఆ మిగిలిన సగం తానే ఎత్తి తాగేసింది. తాగాక ఉలిక్కిపడి, "తప్పైపోయిందమ్మా, మీ చెంబు" అంది. నేను ఆ చెంబు తోమించలేదు. మా ఆయన తిని లేచిన కంచంలో నేను రోజూ తింటాను. నేను తాగి పెట్టిన నీళ్ళు ఆయన ఎన్నడూ తాగలేదు. ఆయనకు అది తప్పని కాదు, అసలు తోచదు. పెళ్ళయ్యాక నా ఎంగిలి తాగిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఆమెకు నేను అంత బాకీ ఉన్నాను, తీర్చే దారి ఆమె ఎన్నడూ నాకు ఇవ్వలేదు.

మళ్ళీ నెల బల్ల ఆదివారానికి ముందు శనివారం రొట్టె కాల్చాను, రసం తీశాను. మొదటి రొట్టె ఆకులో చుట్టి, బల్ల గిన్నెలో రసం పోసి, కొంగు కప్పుకుని మిట్టమధ్యాహ్నం వాన తుంపరలో బయలుదేరాను. ఆయన పంచలో పలకలు దిద్దుతున్నారు.

"యాడికి?"

"నాగులమ్మ దగ్గరికి."

ఆయన నా కొంగు కింద ఉన్నదేమిటో చూశారు. "ఎవురిని అడిగినావు?"

"కాల్చేటప్పుడు ఎవరినీ అడగలేదు కదండీ."

నేను నాలుగు అడుగులు వేశాక వెనక నుంచి మెల్లగా అన్నారు, "గిన్నె రేపటికి కావాల."

నాగులమ్మ చింకిచాప మీద, గోడకు ఆనించిన మూటలాగా ఉంది. నన్ను చూసి లేవబోయింది. గిన్నె చూసి దోసిలి పట్టబోయింది. ఆ చేతులు కలవలేదు, కలిసినా నిలవలేదు. వాటిని తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. పాస్టరుగారు చెప్పే మాటలు నాకు పూర్తిగా రావు, వచ్చినా నేను చెప్పవచ్చునో లేదో తెలియదు. "కృపమ్మా, ఇది నీ కోసం" అన్నాను. రొట్టె పొడి చేసి, తడిపి, నాలుక మీద పెట్టాను. గిన్నె పెదవుల దగ్గరికి తెచ్చేసరికి ఆమె తల తిప్పుకుంది.

"మీరు ముందు తాగండమ్మా. నేను తాగినాక మీకెట్టా?"

"ముందు నువ్వే."

నా మొహం చూసింది. తరువాత తాగింది. కొంచెం గొంతులోకి పోయింది, కొంచెం గడ్డం మీదికి కారింది, తుడిచాను.

"తియ్యంగా ఉండాదే" అంది. "నా చేతుల్లో పోస్తే ఎప్పుడూ ఉప్పగా ఉండేది. అది అంతేననుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. చిన్నపోలయ్య వాకిట్లో వానవైపు తిరిగి నిలబడ్డాడు. గిన్నె అడుగున ఒక గుక్క మిగిలింది. ఆమె పెదవి ఆనిన చోటే నా పెదవి ఆనించి, ఆమె చూస్తుండగా తాగాను.