తాడు పట్టని చేతులు

ఈరప్పను బావిలో నుంచి పైకి లాగినప్పుడు అతని నోటి నిండా నల్లటి బురద ఉంది. తాడు పట్టుకున్నది అతని భార్య మునివెంకటమ్మ. మేమంతా పరుగెత్తి తాడు అందుకునేసరికే ఆలస్యమైపోయింది. గుండె ఆగి చచ్చిపోయాడని కాంట్రాక్టరు చెప్పించాడు. బావిలో గాలి విషమని మాకందరికీ తెలుసు. ఎవరమూ నోరు విప్పలేదు.

చింతామణి పట్నం మురుగునీరంతా మురుగమల్ల ఊరి దోవలో ఉన్న మా ప్లాంటుకు వస్తుంది. మొదట ఆ బావిలో పడుతుంది. మోటారు తోడితే తొట్లలోకి పోయి శుద్ధి అవుతుంది. పట్టు తీసే చోట్ల నుంచి కొట్టుకొచ్చిన పురుగుల మడ్డి, గుడ్డపేలికలు చుట్టుకుని మోటారు ఆగితే మనిషి దిగాలి. దిగేవాడి తాడు వాడి ఇంటి ఆడమనిషే పట్టాలన్నది మా వాడుక. పరాయి చెయ్యి భయపడితే వదిలేస్తుందని మా నమ్మకం. అందుకే కాంట్రాక్టరు మొగుడూ పెళ్లాలనే పనిలో పెట్టుకుంటాడు.

నెల తిరక్కముందే మోటారు మళ్లీ ఆగింది. రేపు నాగేశ్ దిగాలని సూపర్‌వైజరు అంబరీష్ చెప్పిపోయాడు. ఆ సాయంత్రం కొళాయి దగ్గర నాగేశ్ భార్య నేత్ర బిందె కింద పెట్టి ఏడ్చింది. మనుషులను దించకూడదని చట్టమే ఉందని, యంత్రం తెప్పించమని అడుగుదామని మాతో పనిచేసే శశికళ అంది. అడిగినవాళ్లకు మర్నాడు పని ఉండదని మిగతా ఆడవాళ్లం అన్నాం. గొంతులు పెంచి తిట్టుకున్నాం కూడా. మునివెంకటమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"తాడు పట్టేది మనమే గదమ్మా. రేపు ఎవురూ పట్టొద్దండి. తాడు లేకుండా ఎట్ల దించుతాడో చూస్తాం."

అక్కడే మేము పొరబడ్డాం.

పొద్దున నేత్ర చేతులు కట్టుకుని నిలబడింది. మేమూ కట్టుకున్నాం. అంబరీష్ నవ్వాడు.

"తాడు లేకుంటే ఏమాయ? అట్నే దిగుతాడు. ఏం నాగేశా, నీకు పని కావల్లా, పెండ్లాం మాట కావల్లా?"

నాగేశ్ మా వైపు చూడకుండా చొక్కా విప్పాడు. బావి మూత జరిపారు. వాసనకు కళ్లు మండాయి. నేత్ర గబుక్కున వంగి తాడు అందుకుంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నేనైనా అదే చేసేదాన్ని.

మునివెంకటమ్మ మూతను బావి మీదికి లాగి దానిపైన కూర్చుంది.  నేనూ పోయి ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత శశికళ వచ్చింది. తాడు వదిలేసి నేత్ర వచ్చింది. మొగవాళ్లు దూరంగా తలలు దించుకుని నిలబడ్డారు. లేవండమ్మా, పిల్లలతో వీధిలో పడతామని ఒకాయన బతిమాలాడు. మా కింద నీళ్లు పైకి వస్తున్న చప్పుడు వినబడుతోంది.

అంబరీష్ ఫోను చేస్తే పోలీసు జీపు వచ్చింది. లేవకపోతే అందరినీ ఎత్తుకుపోతానని ఎస్సై కన్నడంలో అరిచాడు. నేత్ర గోళ్లు నా చేతిలో దిగాయి. మునివెంకటమ్మ కదలకుండానే అతనితో అంది.

"నన్ను తీసకపో సామీ. ఈ పిల్లోన్ని దిగమంటాండేది ఎవురో, ఆ పేరు గూడా రాసుకో. మా ఆయన్ని దించినప్పుడు ఎవురూ రాసుకోలేదు."

ఇద్దరు ఆడపోలీసులు ఆమె రెక్కలు పట్టి లేపి జీపు దగ్గరికి ఈడ్చుకుపోయారు. మా మధ్య ఆ ఖాళీ చోటు చూసి, ఇక అయిపోయింది, ఇప్పుడు మూత తీస్తారు అనుకున్నాను.

నాగేశ్ వచ్చి అక్కడ కూర్చున్నాడు. చొక్కా లేని అతని భుజం నా భుజానికి తగిలింది. దూరంగా ఉన్న మొగవాళ్లు ఒక్కొక్కరే మా వైపు నడవసాగారు.